కింద మూలన పెన్సిల్ చుక్కలు

చదువుకి వయసుతో పనేముంది అనేవాళ్ళంతా పాతికేళ్ళలోపే చదువు చాలించినవాళ్ళు. నలభై ఐదేళ్ళ వయసులో, పైగా పరాయి దేశంలో, లిఫ్టు పాడైన రోజున మూడో అంతస్తులోని క్లాసుకి మెట్లెక్కి చూస్తే తెలుస్తుంది ఆ సంబరం. ఫారాల మేడం అలా ఎక్కుతూ రెండో అంతస్తులో ఆగి, అక్కడున్న నోటీసు బోర్డుని శ్రద్ధగా చదువుతున్నట్టు నటించి, ఆయాసం తీరాక మళ్ళీ ఎక్కేది. క్లాసులో మిగతా పిల్లలకి ఇరవై రెండూ ఇరవై మూడూ. వాళ్ళ పక్కన కూర్చుని ఆవిడ చత్వారం కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉంటే, మొదటి వారం ఒకమ్మాయి ఆవిడే టీచరనుకుని సెలవు చీటీ కూడా ఇచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది! ఈవిడ ఆ చీటీ తీసుకుని, తేదీ వెయ్యలేదని తిప్పి ఇచ్చింది.

ఫారాల మేడం అన్న పేరు సబ్బుల ఫ్యాక్టరీలో పడింది. ఇరవై ఏళ్ళుగా సిబ్బంది వ్యవహారాలన్నీ ఆవిడ బల్ల మీదుగానే పోతున్నాయి. సెలవుకి ఫారం, బూట్లకి ఫారం, బూట్లు తెగితే తెగాయని ఇంకో ఫారం. "రేపు మనం పోయినా, పోయామని ఫారం నింపితే గానీ ఆవిడ ఒప్పుకోదర్రా" అని ప్యాకింగు హాల్లో నవ్వుకునేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆవిడా నవ్వేది.

ఉద్యోగానికి ఏడాది జీతం లేని సెలవు పెట్టి ఆవిడ చదవడానికొచ్చిన చదువు పేరు సంస్థాగత మనస్తత్వశాస్త్రం. పేరు పలకడానికి నోరు తిరగదు గానీ సంగతి చిన్నదే. పనిచేసే చోట మనుషులు ఎందుకు నోరు విప్పుతారు, ఎందుకు మూసుకుంటారు, పైవాడిని కిందివాడు ఎప్పుడు నమ్ముతాడు, ఎప్పుడు నమ్మడు. ఇరవై ఏళ్ళు ఆ పనే చేసినదానికి ఇంకా చదవడమెందుకని చుట్టాల నుంచి వీధివారి దాకా అందరూ అడిగారు. పెద్ద కుర్చీ కోసమని కొందరన్నారు, అబద్ధమేం కాదు. కానీ ఆ చదువు ఆవిడకి ఎందుకు కావలసి వచ్చిందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ కూడా ఆ సంగతి తనతో తాను పూర్తిగా ఎన్నడూ చెప్పుకోలేదు.

ఇంట్లో భర్త లెక్కల మాస్టారు, పదో తరగతి చదువుతున్న కూతురు, స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగి మంచానికి అంటుకుపోయిన అత్తగారు. వీళ్ళని వదిలి ఏడాదిపాటు ఎలా వెళ్ళడం అని ఆవిడ తటపటాయిస్తుంటే, "వెళ్ళమ్మాయ్, వెళ్ళు. నేను చచ్చానా ఏంటి ఇక్కడ?" అని గదమాయించి పంపింది తూకాలక్క.

తూకాలక్కకి యాభై రెండేళ్ళు. ఒకప్పుడు అదే ఫ్యాక్టరీలో సబ్బుల పెట్టెలు తూచేది. తూకం యంత్రం పక్కనే ఉన్నా దాన్ని పట్టించుకునేది కాదు. సబ్బు అరచేతిలో పెట్టుకుని "రెండు గ్రాములు తక్కువ" అనేది, యంత్రం మీద పెడితే రెండు గ్రాములు తక్కువే. మనుషుల్నీ అంతే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. అలాంటి మనిషి ఈ ఫారాల మేడం ఒక్కదాన్నే తూచకుండా వదిలేసింది. ఆ ఉద్యోగం మానేశాక పిలిచి ఇంట్లో పని ఇచ్చిందని, జీతం వేళకి ఇస్తుందని, కంచం పక్కన కంచం వేసి తినమంటుందని, దేవతని చూసినట్టు చూసేది. మొదట్లో మేడం గారూ అనేది. ఏడాది తిరిగేసరికి అమ్మాయ్, నువ్వు అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఫారాల మేడానికి లోపల ముల్లు గుచ్చుకునేది.

అసలు జరిగిందేమిటంటే, ఆరేళ్ళ కిందట ఫ్యాక్టరీలో అభిప్రాయాల ఫారాలు పంచారు. పేరు రాయనక్కర్లేదు, మనసులో ఉన్నది రాయండి, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు అని ఫారాల మేడమే ప్యాకింగు హాల్లో నిలబడి నోరారా చెప్పింది. అంతకుముందు ఏడాది పంచిన ఫారాల్లో సగం కూడా తిరిగి రాలేదు. కొన్నిటిలో పల్లీలు పొట్లం కట్టుకున్నారు. పైనుంచి చీవాట్లు వచ్చాయి. ఈసారి ఒక్క కాగితం కూడా పోకూడదని ఆవిడ ఒక ఉపాయం చేసింది. ప్రతి ఫారం వెనక, కింద ఎడమ మూలన, పెన్సిల్‌తో సన్నగా గుర్తులు పెట్టింది. ఎన్ని చుక్కలుంటే అన్నో బల్ల, ఎన్ని గీతలుంటే ఆ బల్ల దగ్గర అన్నో మనిషి. ఎవరు ఇవ్వలేదో తెలిస్తే వెళ్ళి అడగొచ్చు కదా అని, అంతే. అన్నీ చేతికొచ్చాక రబ్బరుతో చెరిపేద్దామనుకుంది. రబ్బరు కొని సొరుగులో పెట్టుకుంది కూడా.

రెండు వందల పదిహేను ఫారాలిస్తే రెండు వందల పదిహేనూ వచ్చాయి. ఆ సంబరంలో చెరపడం రేపటికి వాయిదా పడింది. ఆ రేపు పొద్దున్నే ఫ్యాక్టరీ పెద్దసారు వచ్చి ఫారాల కట్ట తిరగేశాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు. "వెనక తలుపుకి బయటినుంచి తాళం వేస్తున్నారు. నిప్పంటుకుంటే యాభై మందిమీ సబ్బుల్లా కరిగిపోతాం. కరిగాక తూచడానికి నేను కూడా ఉండను" అని రాసి ఉంది అందులో.

"ఎవరమ్మా ఇది? బుర్రున్న మనిషిలా ఉందే. పిలిచి మాట్లాడదాం" అన్నాడాయన.

ఫారాల మేడం కాగితం వెనక్కి తిప్పింది. మూడు చుక్కలు, నాలుగు గీతలు. "మూడో బల్ల, నాలుగో మనిషి" అంది.

పిలిచి మాట్లాడతాడనే నమ్మి చెప్పిందా అంటే, నమ్మాలనుకుంది. పెద్దసారు తనని మెచ్చుకుంటుంటే, ఎదురుగా నిలబడి కాదనడానికి నోరు రాలేదు. ఉన్నమాట అంతే, మిగతాదంతా తర్వాత అతికించుకున్న అట్టముక్క. పెద్దసారు పిలిచి మాట్లాడాడు కూడా. "తలుపు తాళాలతో నీకేం పనే?" అని. వారం తిరక్కుండా తూకాలక్కని క్షారం కలిపే షెడ్డుకి మార్చారు. సబ్బు తూచిన చేతులు పగిలి నెత్తురు కారాయి. నాలుగు నెలలు చూసి ఉద్యోగం మానేసింది. తర్వాత వెనక తలుపు తాళం మాత్రం తీయించారు. మంచే జరిగింది కదా అని ఫారాల మేడం తన మనసుకి జోలపాట పాడుకునేది. మనసు ఒక్కరోజు కూడా నిద్రపోలేదు.

అంతటితో పోయినా బాగుండేది. తాను తలుపు గురించి రాసిన సంగతి తూకాలక్క ఒక్కరికే చెప్పింది. అదే హాల్లో పనిచేసే సొంత చెల్లెలికి, మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటూ. కాబట్టి పెద్దసారు చెవిన వేసింది చెల్లెలే అని తూకాలక్క తూచి పారేసింది. ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. మాట్లాడటం మానేసింది. రెండు వీధుల అవతల చెల్లెలి ఇల్లు. ఆరేళ్ళుగా ఆ వీధి మొహం చూడకుండా చుట్టుతిరిగి కూరల బజారుకి వెళ్ళేది. "తోడబుట్టిందే గొంతు కోసింది. నువ్వు పరాయిదానివై అన్నం పెట్టావు" అని ఎన్నిసార్లు అన్నదో. అన్నప్పుడల్లా ఫారాల మేడం తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది.

పరాయి దేశపు క్లాసులో ఆ సోమవారం పరిశోధన ఎలా చెయ్యాలన్న పాఠం. చెప్పేది తెల్లజుట్టు టీచరమ్మ. పొట్టిగా ఉంటుంది, గొంతు పెంచదు, కానీ ఎవరూ నిద్రపోరు. అందరి దరఖాస్తులూ ముందే చదివిందేమో, ఫారాల మేడం వైపు తిరిగి, "మీ ఫ్యాక్టరీలో పంచిన ఫారాలన్నీ తిరిగొచ్చాయని రాశారు. ముప్పై ఏళ్ళ నా అనుభవంలో నూటికి నూరు వచ్చినట్టు వినలేదు. ఎలా సాధించారు?" అంది.

అవును మరి, సీటు వచ్చిందే ఆ గొప్ప రాసినందుకు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే బల్లమీద ఉన్న పెన్సిల్‌ని సంచిలోకి తోసింది. "నమ్మకం" అంది. "వాళ్ళు నన్ను నమ్మారు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ కొట్టలేదు. "దాని మీదే మీ పెద్ద వ్యాసం రాయండి. అయితే అప్పుడు రాసిచ్చినవాళ్ళ అనుమతి సంతకాలు కావాలి. తెలిసి ఒప్పుకోవాలి వాళ్ళు" అని పాఠంలోకి వెళ్ళిపోయింది. ఆవిడని వాళ్ళు నమ్మారన్నది నిజమే కదా. ఆ నిజాన్నే తలుచుకుంటూ, ఆ రోజు తెచ్చుకున్న డబ్బా మూత తీయకుండానే తిరిగి పట్టుకెళ్ళింది.

బుధవారం ఇంటికి ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం. తూకాలక్క ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి, పెద్దావిడ దుప్పట్లు మడతపెడుతూ మాట్లాడింది. అత్తగారు నాలుగడుగులు వేసిందట, కూతురికి లెక్కల్లో మార్కులు తగ్గాయంటే మాస్టారు అన్నం మానేశాడట, తనే అన్నం ముందు పెట్టి "లెక్కల మాస్టారి కూతురికి లెక్కలు రాకపోతే తప్పెవరిదో లెక్కేసుకోండి" అన్నదట. ఫారాల మేడం నవ్వింది. అప్పుడు తూకాలక్క దుప్పటి అంచులు కలుపుతూ, ఏదో కూరగాయల ధర చెప్తున్నట్టు చెప్పింది.

"మా చెల్లెలు ఆదివారం ఇల్లు ఖాళీ చేస్తోందట అమ్మాయ్. మొగుడి తరఫు ఊరికట. లారీ కూడా మాట్లాడుకున్నారట. పోనీ, పీడా విరగడైంది."

"ఒకసారి చూసిరాకూడదా అక్కా?"

"ఎందుకు? తాంబూలం ఇవ్వడానికా?" అని మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆ దుప్పటి అప్పటికి మూడుసార్లు మడతపెట్టింది. "చిన్నప్పుడు దానికి జడ నేనే వేసేదాన్ని. గట్టిగా లాగితే ఏడ్చేది కాదు, నా చెయ్యి గిల్లేది. సరేలే, ఎవరి ఖర్మ వాళ్ళది. నువ్వు తిన్నావా?"

ఫోన్ పెట్టేశాక ఫారాల మేడం మంచం అంచున కూర్చుండిపోయింది. ఆదివారం లారీ కదిలితే ఆ అక్కాచెల్లెళ్ళ కథ అక్కడితో సరి. ఇద్దరికీ వయసు మీదపడుతోంది. ఆపగలిగింది లోకంలో తానొక్కతే. చెప్తే తూకాలక్క ఇల్లు వదిలి పోతుంది. అత్తగారిని ఎవరు లేపుతారు? పిల్ల పరీక్షలేం కావాలి? ఈ చదువు ఇక్కడితో ఆగిపోతే? చెప్పకపోతే తాను మనిషేనా?

గురువారం భర్తకి మొత్తం చెప్పింది. ఆరేళ్ళలో మొదటిసారి.  "చెప్పాల్సిందే" అన్నాడు మాస్టారు. "కానీ ఇప్పుడే ఎందుకు? నాలుగు నెలలు ఓపిక పట్టు, పరీక్ష రాసి ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చుని చెప్దువుగాని. ఇన్నేళ్ళు ఆగినదానివి ఇంకో నాలుగు నెలలు ఆగలేవా? అమ్మని చూడు, ఒకరు పట్టుకోందే లేవలేదు."

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉన్న మాటలతోనే కదా ఆరేళ్ళు గడిచింది! ఆ రోజల్లా ఆవిడ మొగుడి మాటనే పట్టుకు వేలాడింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నప్పుడు పలకమీద దిద్దించారు. తొక్కాక కడగకుండా ఇంటినిండా తిరిగితే ఏమవుతుందో ఎవరూ దిద్దించలేదు.

శుక్రవారం పొద్దున బట్టలు ఉతకడానికి, ఉంటున్న ఇంటి నేలమాళిగలోకి దిగింది. వరసగా ఆరు యంత్రాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గది నిండా సబ్బు వాసన. అచ్చం ప్యాకింగు హాల్లో వాసనే. సబ్బు పొడి పెట్టెని మూత తీసింది తీసినట్టే కింద పెట్టేసి ఫోన్ తీసింది. ఆలోచిస్తే మళ్ళీ సబబైన మాటలొస్తాయని భయం.

"అక్కా, నీ చెల్లెలు చెప్పలేదు. నేనే చెప్పాను."

తూకాలక్కకి అర్థం కాలేదు. ఫారాల మేడం చెప్పింది. చుక్కలు, గీతలు, సొరుగులోని రబ్బరు, పెద్దసారు, మూడో బల్ల, నాలుగో మనిషి. తడబడకుండా చెప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఆవిడే ఓదార్చాల్సి వస్తుందని పళ్ళు బిగబట్టుకుంది. "తప్పు చేశాను. భయపడి దాచాను. నీకు పని ఇచ్చింది కూడా జాలితో కాదు అక్కా, నా తప్పు కళ్ళెదుట ఉంటే కాస్త తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు."

ఫోన్లో తూకాలక్క మొహం కదల్లేదు. చేతులు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి, క్షారం షెడ్డు నుంచి వచ్చిన రోజుల్లో రుద్దుకున్నట్టు. యంత్రంలో ఎవరివో బట్టలు గిరగిరా తిరుగుతున్నాయి.

"పెద్దావిడకి మందు వేళయింది మేడం గారూ" అంది. "ఉంటాను."

ఆరేళ్ళ చెంపదెబ్బ ఒక్క పిలుపులో పడింది. తగినదే అనుకుంది ఫారాల మేడం. తగినదైనా తగిలినచోట మండకుండా ఉంటుందా! ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అప్పుడు ఏడ్చింది. బట్టలకోసం వచ్చిన కుర్రది ఒకతి ఏమైందని అడిగితే, సబ్బు పొడి కళ్ళలో పడిందని చెప్పింది.

శనివారం మాస్టారు ఫోన్ చేశాడు. తూకాలక్క పొద్దున్నే అత్తగారికి స్నానం చేయించి, వంట చేసి, మధ్యాహ్నానికి ఏ మందులు వెయ్యాలో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళిందట. ఎక్కడికో చెప్పలేదు. ఆదివారం కూడా రాలేదు. ఆ రెండు రోజులూ ఫారాల మేడం పుస్తకం తెరిచి ఒకే పేజీ ముందు కూర్చుంది.

సోమవారం తూకాలక్కే ఫోన్ చేసింది. కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిదే.

"వెళ్ళాను. అది గిన్నెలకి పాత గుడ్డలు చుట్టి డబ్బాలో సర్దుకుంటోంది. నన్ను చూసి, 'ఆరేళ్ళకి దారి తెలిసిందా' అంది. విషయం చెప్పాను. 'నువ్వు అడుగుతావేమోనని చూశానే అక్కా. ఒక్కసారి అడిగుంటే కాదని చెప్పేదాన్ని' అంది. అదీ సంగతి మేడం గారూ. మీది ఒక పూట చేసిన తప్పు. నేను రోజూ చేశాను, ఆరేళ్ళు."

"అక్కా, అది కూడా నా వల్లే..."

"మీ వాటా మీరు మోసుకోండి. నాది నేను మోస్తాను. దాన్ని కూడా మీరే లాక్కోకండి." తూకాలక్క చెంగుతో ముక్కు తుడుచుకుంది. "లారీ మాట్లాడేసుకున్నారు, ఆపడానికి లేదు. శనివారమంతా, ఆదివారం లారీ వచ్చేదాకా కూర్చున్నాం. దానికి జడ వేశాను. జుట్టు సగం తెల్లబడిపోయింది. ఎప్పుడు తెల్లబడిందో నేను చూడనేలేదు."

ఫారాల మేడం ఎదురుగా తెరిచి ఉన్న పుస్తకం మూసేసింది. 

"నెలాఖరు దాకా ఉంటాను" అంది తూకాలక్క. "పెద్దావిడ కోసం. ఆవిడేం పాపం చేసింది? తర్వాత ఇంకెవరినైనా చూసుకోండి. నేను చెల్లెలి దగ్గరకి పోతాను. వాళ్ళ ఇంట్లో ఒక గది ఉందట."

ఫారాల మేడం ఆ వారమే టీచరమ్మ గదికి వెళ్ళి, తలుపు వేసి, క్లాసులో అన్నది అబద్ధమని చెప్పింది. టీచరమ్మ కోప్పడలేదు, మెచ్చుకోలేదు కూడా. "సీటు తీసేస్తే తీసేస్తారు. అది పైవాళ్ళ నిర్ణయం. ఉంచితే మాత్రం మీరు ఇదే రాయాలి" అంది. సీటు ఉంచారు, ఒక హెచ్చరిక కాగితంతో. ఇంట్లో మాస్టారు సెలవు పెట్టి తల్లిని లేపడం, పడుకోబెట్టడం నేర్చుకుంటున్నాడు. కూతురు కూర మాడ్చడం నేర్చుకుంటోంది.

అనుమతి ఫారం పంపడానికి ఫారాల మేడానికి పది రోజులు ధైర్యం చాలలేదు. ఆఖరికి పంపింది, కింద రెండు వాక్యాలు రాసి. మీ కథ రాయడానికి అనుమతి అడుగుతున్నాను. ఇష్టం లేకపోతే చించి పారెయ్యండి, నేను ఇంకోటి రాసుకుంటాను.

జవాబు వచ్చేసరికి తూకాలక్క వెళ్ళిపోయి మూడు వారాలైంది. చెల్లెలి కొడుకు ఫోన్ నుంచి రెండు ఫోటోలొచ్చాయి, ఫారం ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. ముందువైపు సంతకం చేసే గీత మీద అక్క సంతకం, పక్కనే చెల్లెలి సంతకం, పిల్లలు దిద్దినంత పెద్ద అక్షరాలతో. వెనకవైపు కాగితమంతా ఖాళీ. కింద ఎడమ మూలన మాత్రం పెన్సిల్‌తో, సన్నగా కాదు, నొక్కి మరీ, మూడు చుక్కలు, నాలుగు గీతలు. కింద ఒక్క వాక్యం. "మీకు వెతుక్కునే శ్రమ లేకుండా నేనే పెట్టాను."

ఫారాల మేడం ఆ రెండూ ఒకే కాగితానికి రెండువైపులా అచ్చు తీయించి పరిశోధన ఆఫీసుకి పట్టుకెళ్ళింది. కిటికీ దగ్గర కూర్చున్న గుమస్తా కుర్రాడు సంతకాలు సరిచూసి ముద్ర వేశాడు. కాగితం వెనక్కి తిప్పి, భాష తెలియని ఆ వాక్యాన్ని వదిలేసి, మూల దగ్గర వేలు పెట్టాడు.

"ఈ గుర్తులేమిటి? ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే పెట్టాను" అంది ఆవిడ.